అందరూ సగటుకి పైవాళ్ళే!

"అరవై రెండేనా? దాని తల్లికి ఎప్పుడూ ఎనభైకి తగ్గలేదు!" అని మా పక్కింటి పిన్నిగారు మొన్న తెగ బాధపడిపోయారు. అమెరికాలో మూడో తరగతి చదువుతున్న మనవరాలికి రీడింగ్ పరీక్షలో 62 వచ్చిందట. ఫోన్లో పిల్లని కోప్పడ్డారు కూడా. అదేమో ఏడ్చిందిట.

తీరా కాగితం చూస్తే అవి మార్కులు కావు, పర్సంటైల్! వందమంది పిల్లల్ని వరసగా నిలబెడితే దాదాపు అరవై రెండు మంది ఈ పిల్ల వెనకాలే ఉంటారన్నమాట. ఈ వరసల పిచ్చి ఇవాళ్టిది కాదు. 1884లో లండన్ ఆరోగ్య ప్రదర్శనలో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన వచ్చినవాళ్ళ ఎత్తూ, పిడికిలి బలమూ కొలిచి, ఎవరు ఎందరికన్న మిన్నో లెక్క కట్టాడు. అమెరికాలో 1923లో స్టాన్‌ఫోర్డ్ అచీవ్‌మెంట్ టెస్ట్ వచ్చింది. బడిపిల్లల చదువూ ఆ కొలతల్లోకే వెళ్ళింది.

చిక్కల్లా ఆ వందమంది ఎవరన్నదే. పక్క బెంచీవాళ్ళు కారు. పరీక్ష తయారు చేసినప్పుడు దేశంలో అక్కడక్కడా ఏరి, వాళ్ళచేత ముందే రాయించి పెట్టుకున్న నమూనా పిల్లలు.

వెస్ట్ వర్జీనియాలో జాన్ కానెల్ అని ఒక డాక్టరుగారు. ఆయన దగ్గరకొచ్చే పిల్లలు కొందరికి చదువు సరిగా రాదు, బడి కాగితాల్లో మాత్రం సగటుకి పైనే! ఇదేం వింతని రాష్ట్రాలన్నిటినీ వాకబు చేశాడు. ప్రాథమిక తరగతుల్లో సగటుకి దిగువనున్నామనే రాష్ట్రం ఒక్కటీ దొరకలేదు. ఆ సంగతి 1987లో బయటపెట్టాడు. అందరూ సగటుకి పైనెలా ఉంటారండీ? నమూనా పిల్లలేమో ఏళ్ళనాటి వాళ్ళు. ప్రశ్నపత్రమేమో ఏటా అదే. పంతుళ్ళకి కంఠతా వచ్చేసి ఉంటుంది!

పిన్నిగారి కాగితంలో 4.1 అని ఇంకో అంకె కూడా ఉంది. దాన్ని చూసి నాలుగులో కూర్చోబెట్టెయ్యమనేరు! ఆ మూడో తరగతి పేపరునే నాలుగో తరగతి మొదట్లో ఉన్న పిల్ల రాస్తే ఇన్ని వస్తాయని అంచనా, అంతే. 1981లోనే అంతర్జాతీయ పఠన సంఘం ఈ అంకె వాడకం మానమంది. మానినవాళ్ళెందరు!

అంతా విని పిన్నిగారు, "అయితే దానికి చదవడం వచ్చినట్టా, రానట్టా?" అన్నారు.

ఆదివారం పొద్దున్న ఫోన్లో పిల్లచేత ఓ ఇంగ్లీషు కథ చదివించుకున్నారట. "రెండు చోట్ల తడుముకుందే. కుందేలు గోతిలో పడ్డ దగ్గర మాత్రం చదవలేక ఒకటే నవ్వు! నాకు సగం అర్థం కాలేదనుకో" అంటూ ఆవిడా నవ్వారు.