బరిలో పుట్టిన ఆట

అమెరికాలో కౌబాయ్ మౌంటెడ్ షూటింగ్ అనే పోటీ ఉంది. రౌతు నడుముకు రెండు .45 క్యాలిబర్ రివాల్వర్లు వేలాడుతుంటాయి. ఒక్కోదానిలో ఆరు గదులున్నా ఐదు తోటాలే నింపుతారు. బరిలో కర్రలకు గుచ్చిన పది బెలూన్లు ఉంటాయి. ఎడమచేత్తో కళ్లెం పట్టి, కుడిచేత్తో ఐదు బెలూన్లు పేల్చి, దౌడు ఆపకుండానే ఆ తుపాకీని ఒరలో పెట్టి రెండోది తీసి, పీపా చుట్టూ తిరిగి, మిగతా ఐదింటినీ వరసగా పేల్చుకుంటూ గీత దాటాలి. ఇదంతా తరచూ ఇరవై సెకన్లలోపే అయిపోతుంది. తుపాకులు 1898కి ముందునాటి నమూనావే అయ్యుండాలి, దుస్తులూ అమెరికా పడమటి పద్ధతిలోనే ఉండాలి. అందుకే దీన్ని చాలామంది కౌబాయ్‌ల, అశ్వికదళాల వారసత్వంగా చెప్పుకుంటారు. వారసత్వం ఉన్న మాట నిజమే గాని, అది యుద్ధభూమి నుంచి కాక జనం టికెట్టు కొని చూసిన ప్రదర్శనశాల నుంచి వచ్చిందని నా వాదన. ఆట నియమాలే అందుకు సాక్ష్యం.

ముందు కౌబాయ్‌ల సంగతి చూద్దాం. అంతర్యుద్ధం ముగిశాక ఇరవై ఏళ్లపాటు టెక్సస్ నుంచి కాన్సస్ రైలుస్టేషన్లకు పశువుల మందలను తోలుకెళ్లిన కూలీలు వాళ్లు. నడుమున కిలో బరువున్న ఇనుము రోజంతా జీను మీద పనిచేసేవాడికి అడ్డమే. మందలు చేరే డాడ్జ్ సిటీలాంటి ఊళ్లలో ఆయుధాలు పట్టుకు తిరగడం నిషేధం. ఈ కథలన్నిటిలోకీ పేరుమోసిన ఓ.కే. కోరల్ కాల్పులు 1881 అక్టోబరులో, అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో జరిగాయి. ఊళ్లో తుపాకులు పట్టుకు తిరగరాదన్న నిబంధనను అమలు చేయబోతేనే ఆ గొడవ రేగింది. కాల్చుకున్నవాళ్లంతా నేల మీద నిలబడి ఉన్నారు. గుర్రం మీద దూసుకుపోతూ రెండు చేతులా కాల్చే వీరుణ్ణి పెంచి పోషించింది సినిమాలే. 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'తో మన తెరకూ వచ్చినవాడు అతడే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. గుర్రం మీద నుంచి పిస్తోలు కాల్చడం కల్పన కాదు కదా అని అడగవచ్చు. కాదు. కొమాంచీ ఆదివాసుల నేలను వలసవచ్చినవాళ్లు ఆక్రమించుకుంటున్న రోజుల్లో, టెక్సస్ రేంజర్లు గొట్టంలో మందు కూరి కాల్చే తుపాకులు వాడేవాళ్లు. ఒకసారి పేల్చాక మళ్లీ నింపుకోవాలంటే గుర్రం దిగక తప్పేది కాదు. ఆలోగా కొమాంచీ రౌతు ఎన్నో బాణాలు వేసేవాడు. 1844లో వాకర్స్ క్రీక్ దగ్గర జాన్ కాఫీ హేస్ నడిపిన రేంజర్ల దళం ఐదు గుళ్ల కోల్ట్ రివాల్వర్లతో తమకంటే ఎన్నో రెట్లున్న కొమాంచీల మీదికి గుర్రాలు దిగకుండానే వెళ్లింది. ఆ అనుభవంతో ఆ దళంలోని శామ్యూల్ వాకర్ ఇచ్చిన సూచనల మీదే 1847లో రెండు కిలోల పెద్ద కోల్ట్ తయారైంది. నేటి పోటీదారులు పట్టుకునే నమూనాను సైన్యం 1873లో స్వీకరించింది. అశ్వికదళం దౌడులో గురిచూడటం నేర్పుతూనే వచ్చింది. 1942 జనవరిలో ఫిలిప్పీన్స్‌లోని మొరాంగ్ దగ్గర 26వ అశ్వికదళం చేసిన చివరి దాడిలోనూ రౌతుల చేతుల్లో ఉన్నవి పిస్తోళ్లే. కాని ఆ పరంపర అక్కడితో తెగిపోయింది. ఆట మొదలైంది 1990ల తొలినాళ్లలో, అరిజోనాలో. దానికి రూపమిచ్చిన జిమ్ రోడ్జర్స్‌కు ప్రేరణ పాత సైనికుల దగ్గర దొరకలేదు. పాతకాలపు వేషాలు వేసుకుని పాతకాలపు తుపాకులతో పోటీపడే ఔత్సాహికుల మేళాల్లో దొరికింది. నడుమ అర్ధశతాబ్దం ఖాళీ. సైన్యం నుంచి ఆటకు వచ్చింది తుపాకీ మాత్రమే.

మిగతాదంతా ఎక్కడిదో తెలియాలంటే 1883లో ఒమాహాకు వెళ్లాలి. 'బఫెలో బిల్'గా పేరుపడ్డ విలియం కోడీ ఆ ఏడాది తన 'వైల్డ్ వెస్ట్' ప్రదర్శనను అక్కడ మొదలుపెట్టాడు. అతను నిజంగానే సైన్యానికి దారిచూపినవాడు, రైలుమార్గం కూలీలకు మాంసం కోసం గుర్రం మీద తరుముతూ బైసన్లను కాల్చినవాడు. అలాంటివాడు బరిలోకి వచ్చాక ఏం చేశాడో జాగ్రత్తగా గమనించాలి. పక్కన మరో రౌతు దౌడు తీస్తూ గాజు బంతులను గాల్లోకి ఎగరేస్తుంటే, కోడీ తన గుర్రాన్ని పరిగెత్తిస్తూనే వాటిని పగలగొట్టేవాడు. ఆ రైఫిల్‌లో ఉండేది ఒంటి గుండు కాదు, సన్నటి రవ్వగుళ్లు. గొట్టం లోపలి గాళ్లు తీసేసి నున్నగా చేయించాడు. దీన్ని మోసమన్నవాళ్లున్నారు. నా దృష్టిలో అది బాధ్యత. చుట్టూ వేలమంది కూర్చున్నచోట గుండు పేలిస్తే అది ఎవరికి తగులుతుందో చెప్పలేం. ప్రాణం తీయని మందు, తగిలీతగలగానే అందరికీ కనిపించేలా పగిలే గురి, గుర్రం ఆగకూడదన్న పట్టుదల: ఈ మూడూ కలిసింది ఆ బరిలోనే. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం వేళ లండన్ జనం చూసింది ఈ కూర్పునే. గాజు బంతికి బదులు బెలూను, రవ్వగుళ్లకు బదులు గుండే లేని ఉత్త మందు తోటా వచ్చాయి, అంతే. తోటాలోంచి చిచ్చుబుడ్డి రవ్వల్లా ఎగసే మండుతున్న మందు పలుకులు నాలుగైదు గజాల దూరంలోని బెలూన్ను పగలగొడతాయి, ఆపైన చల్లారిపోతాయి.

స్త్రీల సంగతి ఇంకా బలమైన సాక్ష్యం. అశ్వికదళంలో వాళ్లకు చోటు లేదు. ప్రదర్శనశాల మాత్రం 1885లో గురిలో దిట్ట అయిన ఆనీ ఓక్లీని, ఆ మరుసటి ఏడు ఇంకా పదిహేనేళ్లైనా సరిగా నిండని లిలియన్ స్మిత్‌ను చేర్చుకుంది. నేటి పోటీలో స్త్రీలు అవే బెలూన్లను, అదే గడియారంతో పేలుస్తున్నారంటే ఆ తలుపు తెరిచింది ఆ ఇద్దరే. ఇక పీపా చుట్టూ మలుపు రోడియో అనే కౌబాయ్ క్రీడల పోటీ నుంచి వచ్చింది. 1948లో టెక్సస్ స్త్రీలు తమ సొంత రోడియో సంఘం పెట్టుకుని పెంచిన పీపాల పరుగులో పీపా పడితే 5 సెకన్ల జరిమానా. ఇక్కడా అంతే, 5 సెకన్లే.

గుండే లేనప్పుడు దీన్ని షూటింగ్ అనడం ఎలా అని తుపాకీ పోటీలవాళ్లు అడుగుతారు. బెలూను పగలడానికి సూదిమొన గురి అక్కర్లేదన్నది ఒప్పుకోవాల్సిందే. అయితే ప్రతి పేలుడుకూ ముందు బొటనవేలితో హ్యామర్‌ను వెనక్కి లాగాలి, తుపాకీ గుర్రం చెవుల దగ్గరికి రాకూడదు, మోత ముక్కు ముందే వినిపిస్తున్నా గుర్రం బెదరకూడదు. చెవుల్లో దూది పెట్టినా, దానికి ఆ నమ్మకం కలగడానికి నెలల ఓర్పు కావాలి. ఒక బెలూను తప్పిపోతే 5 సెకన్లు కలుపుతారు కాబట్టి వేగం ఒక్కటే గెలిపించదు, గురి లెక్కకొస్తుంది. తుపాకీ జారిపడినా అదే 5. రౌతు గుర్రం మీద నుంచి పడితే మాత్రం 60. కోడీ ఆటలో గెలుపు జీను మీద నిలవడంలోనే ఉండేది. ఈ జరిమానాల పట్టికను రాసినవాళ్లూ దాన్నే అన్నిటికంటే పైన పెట్టారు.