జీతం లేని కొలువు: అమెరికా పార్కుల్లో క్యాంప్ హోస్టులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ‘విరమణ తరువాత’ అనే విషయం మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. యోగాసనాల గురించీ, రక్తపోటు గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించీ మిత్రులు ఎలాగూ రాస్తారు. నేను కొంచెం దూరదేశపు సంగతి ఎత్తుకుంటున్నాను. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి వచ్చే పెన్షనర్లు ఇప్పుడు మనలో చాలామందే ఉన్నారు కనుక ఇది పూర్తిగా పరాయి విషయమూ కాదు.

క్యాంపు అనగానే మన సర్వీసులో గుర్తొచ్చేవి టూరు ప్రోగ్రాము, ట్రావెలర్స్ బంగళా, ఆ తరువాత ఆడిట్ అభ్యంతరాలతో తిరిగొచ్చే టి.ఏ. బిల్లు. అమెరికావారి క్యాంపు వేరు. సెలవుల్లో కుటుంబమంతా అడవికి వెళ్ళి, గుడారం వేసుకుని, ఆరుబయట వండుకు తిని వస్తారు. ఇందుకోసం ప్రభుత్వ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్లు ఉంటాయి. ఒక్కో కుటుంబానికి నంబరు వేసిన చోటు, ఒక బల్ల, ఒక పొయ్యి, కారు నిలుపుకునే జాగా ఇస్తారు. వీటి బాగోగులు చూస్తూ అక్కడే కాపురముండే స్వచ్ఛంద సేవకుణ్ణి ‘క్యాంప్ హోస్ట్’ అంటారు. జీతం ఉండదు. ఉన్నన్నాళ్ళూ చోటుకు అద్దె తీసుకోరు. చాలా చోట్ల నీరు, కరెంటు కూడా ఇస్తారు. ఇల్లు మాత్రం, అంటే ఆ చక్రాల బండి, ఎవరిది వారే తెచ్చుకోవాలి. ఈ పని చేసేవారిలో ఎక్కువమంది మనలాగే రిటైరైనవారు.

2019 వేసవిలో మా అమ్మాయి కుటుంబంతో ఉత్తర కాలిఫోర్నియాలోని హంబోల్ట్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో రెండు రాత్రులు ఉన్నాము. అక్కడి హోస్టులు భార్యాభర్తలు. ఆయన తపాలా శాఖలో పనిచేసి దిగారు, ఆవిడ బడిపంతులమ్మ. పొద్దున్నే ఆయన బకెట్టు, పార పట్టుకుని ఖాళీ అయిన చోట్ల బూడిద ఎత్తేవారు. ఆవిడ మరుగుదొడ్లు చూసుకుని, ఏ నంబరు ఎవరికి కేటాయించారో కాగితంతో సరిపోల్చేవారు. సాయంత్రం కట్టెలు అమ్మేవారు. బయటినుంచి కట్టెలు తేవద్దని ప్రతివారికీ చెప్పేవారు, వాటితోపాటు చెట్ల పురుగులు కూడా వస్తాయట. రాత్రి పది దాటాక ఎవరైనా గోల చేస్తే ఆయన వెళ్ళి నెమ్మదిగా చెబుతారు. వినకపోతే రేంజరుకు ఫోను చేస్తారు. అంతకు మించి ఆయనకు ఏ అధికారమూ లేదు. ముప్పైనాలుగేళ్ళు రోడ్లు, భవనాల శాఖలో మస్టర్ రోళ్ళతో గడిపినవాణ్ణి కనుక, అధికారం లేకుండా పని ఎలా జరుగుతుందని నాకు ఆశ్చర్యం వేసింది. దీని పుట్టుపూర్వోత్తరాలు చదవాలనిపించింది అప్పుడే.

మొదట కారు సంగతి చెప్పుకోవాలి. ఎల్లోస్టోన్ 1872లోనే జాతీయ పార్కు అయినా 1915 దాకా అక్కడికి మోటారు కార్లను రానివ్వలేదు. రానిచ్చిన తరువాత జనం ఎక్కడపడితే అక్కడ కారు ఆపి గుడారాలు వేయడం మొదలుపెట్టారు. పార్కులన్నిటా ఇదే వరస. ఎమీలియో మైనెకీ అని అటవీ శాఖలో చెట్ల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్లకు జరుగుతున్న హాని గురించి 1928లో నివేదిక ఇచ్చాడు. రెడ్‌వుడ్ ఆకాశమంత ఎత్తు పెరిగినా దాని వేళ్ళు నేలలో పైపైనే పరుచుకుంటాయి. కార్లూ కాళ్ళూ తొక్కి తొక్కి మట్టి గట్టిపడితే వేళ్ళకు నీరూ గాలీ అందవు. 1932లో ఆయనే దీనికి మార్గం చూపాడు. ఒకే దిక్కుగా పోయే చుట్టుబాట వేయాలి, బాట పక్కన ప్రతి కుటుంబానికీ కారు నిలిపే చిన్న చీలిక ఉండాలి, కారు అది దాటి పోకుండా బండరాళ్ళో దుంగలో అడ్డం పెట్టాలి, బల్లా పొయ్యీ కదలకుండా పాతాలి, రెండు చోట్ల మధ్య పొదలు వదలాలి. నిషేధాజ్ఞల బోర్డు పెట్టకుండా రాయి పెట్టి జనాన్ని దారిలో పెట్టిన ఇంజనీరింగు బుద్ధి అది. ఈనాటికీ అమెరికాలో ఏ క్యాంప్‌గ్రౌండుకు వెళ్ళినా ఆ నమూనాయే కనిపిస్తుంది.

నమూనా కాగితం మీద ఉండిపోకుండా అమలు చేసింది ఆర్థికమాంద్యం నాటి యువకులు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933లో పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో 1942 దాకా సుమారు 30 లక్షల మంది పనిచేశారు. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపేవారు.

యుద్ధం తరువాత జనం పోటెత్తారు. ‘మిషన్ 66’ అనే పదేళ్ళ ప్రణాళికను 1956లో మొదలుపెట్టి రోడ్లు, క్యాంప్‌గ్రౌండ్లు, సందర్శక కేంద్రాలు కట్టారు. 1966 నాటికి ఏటా 8 కోట్ల మంది వస్తారని లెక్క వేసుకుంటే, ఆ అంచనా గడువుకు ముందే దాటిపోయింది. కట్టడాలైతే లేచాయి, వాటిని చూసుకునే మనుషులో? ఇది మనకు తెలియని కథ కాదు. భవనం మంజూరవుతుంది, వాచ్‌మన్ పోస్టు మంజూరు కాదు.

జార్జ్ హార్ట్‌జాగ్ నేషనల్ పార్క్ సర్వీసు డైరెక్టరుగా ఉన్న కాలంలో స్వచ్ఛంద సేవకులను తీసుకునేందుకు ‘వాలంటీర్స్ ఇన్ ది పార్క్స్’ చట్టం వచ్చింది. పేరులో 1969 అని ఉన్నా, అధ్యక్షుడు నిక్సన్ సంతకం పడింది 1970 జూలై 29న. అదే నెల 4వ తేదీన యోసెమిటీలో రేంజర్లకూ యువకులకూ పెద్ద ఘర్షణ జరిగింది. ఆ తరువాత రేంజర్లకు పోలీసు తరహా శిక్షణ పెరిగింది. ఒకదానికి ఒకటి కారణమని నేను అనడం లేదు. కానీ లాఠీ ఉన్న రేంజరు, చేతిలో బకెట్టు తప్ప ఏమీ లేని హోస్టు, ఇద్దరూ ఒకే కాలంలో రూపు దిద్దుకున్నారన్నది గమనించదగ్గది. అటవీ శాఖ వేరే మంత్రిత్వ శాఖ కింద ఉండటం వల్ల దానికి 1972 మే నెలలో విడిగా మరో చట్టం చేశారు. ఈ రెండు చట్టాల అండతోనే ఫెడరల్ పార్కుల్లో, అడవుల్లో హోస్టు పద్ధతి స్థిరపడింది. రాష్ట్రాల పార్కులకు వాటి నిబంధనలు వాటికున్నాయి.

1970 చట్టంలో మనలాంటివారు అడుగున గీత గీసుకుని చదవవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. వాలంటీర్లను ప్రమాదకరమైన పనుల్లో గానీ, శాంతిభద్రతల పనిలో గానీ, విధాన నిర్ణయాల్లో గానీ వాడరాదు. వాళ్ళను చూపి ఉన్న ఉద్యోగిని తొలగించరాదు. జీతమూ పెన్షనూ లేకపోయినా, పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం విషయంలో వాళ్ళను ఉద్యోగులుగానే లెక్కిస్తారు. చట్టం రాసినవాళ్ళు ఉద్యోగి కోణం నుంచి కూడా ఆలోచించారని ఒప్పుకోవాలి.

అయితే తొలగించకపోయినా, ఖాళీ అయిన పోస్టును నింపకుండా వదిలేస్తే? ఊరికే చేసేవాడు దొరికినప్పుడు జీతమిచ్చేవాడు ఆలోచనలో పడతాడు కదా. ఆ మెలికకు చట్టంలో మందు లేదు. ఉద్యోగి లేకుండా వాలంటీరు ఎంతవరకు నెట్టుకురాగలడో 2018 డిసెంబరు 22న తేలడం మొదలైంది. బడ్జెట్టు తగాదాతో అమెరికా ప్రభుత్వం 35 రోజులు మూతబడింది. చాలా పార్కుల గేట్లు మాత్రం తెరిచే ఉంచారు. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ పార్కులో స్థానికులు స్వచ్ఛందంగా చెత్త ఎత్తారు, మరుగుదొడ్లు కడిగారు. అయినా గుంతలు నిండిపోవడంతో జనవరి 2న క్యాంప్‌గ్రౌండ్లు మూసేయవలసి వచ్చింది. గుంత ఖాళీ చేయించాలంటే బిల్లు మీద సంతకం పెట్టే ఉద్యోగి కావాలి. 2025 ఫిబ్రవరిలో నేషనల్ పార్క్ సర్వీసు నుంచి ప్రొబేషన్‌లో ఉన్న సుమారు వెయ్యి మందిని తీసేసినప్పుడు నాకు ఆ గుంతలే గుర్తొచ్చాయి.

ఇంతకీ హోస్టుకు దక్కేదేమిటి? వారానికి 20, 30 గంటల పని, ఒక సీజను పాటు చెట్ల కింద కాపురం. ఫెడరల్ పార్కుల్లో 250 గంటలు నిండితే ఏడాదిపాటు చెల్లే ప్రవేశ పాసు ఉచితంగా ఇస్తారు. మన మిత్రులకు ఒక హెచ్చరిక. సందర్శక వీసా మీద వెళ్ళినవారు దీనికి దిగవద్దు. అద్దె లేని చోటు కూడా ప్రతిఫలం కిందికి రావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారు మాత్రం నిశ్చింతగా ప్రయత్నించవచ్చు. ఫెడరల్ పార్కుల ఖాళీలు ‘వాలంటీర్ డాట్ గవ్’ అనే వెబ్‌సైటులో ప్రకటిస్తారు. వేసవికి కావాలంటే చలికాలంలోనే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. దంపతులిద్దరూ కలిసి పెట్టుకోవచ్చు.