న్యుమోనియా టీకా: బ్యాక్టీరియా రకాలపై నిరంతర నిఘా ఎందుకు అవసరం?

న్యుమోనియా నుంచి పసిపిల్లలను కాపాడే టీకాను ఒకసారి తయారు చేయడంతో పని పూర్తి కాదు. టీకా అడ్డుకునే బ్యాక్టీరియా రకాలను, సమాజంలో వ్యాపిస్తున్న రకాలతో ఎప్పటికప్పుడు సరిపోల్చుకోవాలి.

స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనే బ్యాక్టీరియా చాలామంది పిల్లల ముక్కులో, గొంతులో ఏ హానీ చేయకుండానే ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా, మెదడు పొరలకు చేరితే మెనింజైటిస్ కలుగుతాయి.

కవచమే కీలకం

ఈ సూక్ష్మజీవి చుట్టూ చక్కెర పదార్థాలతో కూడిన కవచం ఉంటుంది. కవచ నిర్మాణాన్ని బట్టి 100కు పైగా రకాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటిని సీరోటైపులు అంటారు. టీకాలో వాటిలో కొన్నింటికే చోటు దక్కుతుంది.

అమెరికా నేర్పిన పాఠం

అమెరికాలో 2000లో ఏడు రకాల టీకా అందుబాటులోకి వచ్చింది. ఆ ఏడు రకాల వల్ల వచ్చే తీవ్ర వ్యాధులు బాగా తగ్గాయి. పిల్లల నుంచి వ్యాప్తి తగ్గడంతో టీకా తీసుకోని వృద్ధులకూ మేలు జరిగింది. అయితే టీకాలో లేని 19ఏ రకం క్రమంగా పెరిగింది. అందులో చాలా వరకు యాంటీబయాటిక్‌లకు సరిగా లొంగలేదు. నిఘా వల్లే ఈ మార్పు బయటపడింది. 2010లో వచ్చిన 13 రకాల టీకాలో 19ఏను చేర్చారు.

కొన్ని బ్యాక్టీరియాలు ఇతర రకాల జన్యువులను గ్రహించి తమ కవచాన్నే మార్చుకుంటాయి. అందువల్ల కవచ పరీక్షతో పాటు జన్యు విశ్లేషణ కూడా అవసరమవుతోంది.

భారత్‌లో పరిస్థితి

భారత్‌లో ఈ టీకాను 2017 మే నెలలో కొన్ని రాష్ట్రాల్లో ప్రారంభించి, 2021లో దేశమంతటికీ విస్తరించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ అదే ఏడాది మొదలైంది. శిశువులకు 6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయసులో ఉచితంగా వేస్తారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన 10 రకాల టీకా 'న్యుమోసిల్'లో 19ఏ కూడా ఉంది. 3వ రకం లేదు.

నిఘాకు ఆటంకాలు

రోగి రక్తం లేదా వెన్ను ద్రవం నుంచి బ్యాక్టీరియాను పెంచి, దాని రకాన్ని నిర్ధారిస్తారు. నమూనా తీసేలోపే యాంటీబయాటిక్ వాడితే బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. అప్పుడు వ్యాధికి కారణమైన రకం లెక్కలోకి రాదు. ఆసుపత్రిలో సకాలంలో తీసిన ప్రతి నమూనా, రేపటి టీకాలో ఏ రకాలుండాలో నిర్ణయించడానికి ఆధారమవుతుంది.