నల్లగొంగడి పుట్టుపూర్వోత్తరములు

హైదరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపై శామీర్‌పేట దాటిన పిమ్మట వచ్చు అలియాబాదు పరిసరములు నేడు లారీల రాకపోకలతోను, తుర్కపల్లి ఔషధ పరిశోధనశాలలకు పోవు బస్సులతోను సందడిగా నున్నవి. ఐనను ఆ బాటకు ఇరువైపుల పల్లెలలో కురుమ వృద్ధు డొకడు మందను తోలుకొని పోవునపుడు అతని భుజముపై వ్రేలాడు నల్లగొంగడి, ఈ మెరకనేలల జీవనమునకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము.

ఉన్నిదుప్పటిని తెలుపు కంబళ మను మాట అథర్వవేదమునందే కలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఉన్నిబట్టల భేదములను పేర్కొన్నాడు. అయితే మన గొంగడికి మూలపురుషు డెవడని విచారించినచో, నేతగానికంటె ముందు నల్లని దక్కనీ గొఱ్ఱెనే చెప్పవలసియుండును. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రముల మెట్టభూములలో ఎండకును, దూరపు నడకకును, కొఱత మేతకును ఓర్చుకొను ఈ జాతి ముతక ఉన్ని నిచ్చును. ఆ ఉన్ని సహజముగనే నలుపు గనుక గొంగడికి రంగుల అక్కఱ లేకపోయినది.

దాని తయారీ ఒక ఇంటి పని కాదు, ఒక వాడ పని. ఏడాదికి రెండు మార్లు గొఱ్ఱెలను చెఱువులో కడిగి, ఆరిన పిమ్మట కత్తెరతో ఉన్ని తీయుదురు. గొఱ్ఱెపిల్లలకు తొలిసారి తీసిన ఉన్ని మెత్తనిది గనుక దానిని వేఱుగా దాతురు. వింటినారితో ఏకిన ఉన్నిని స్త్రీలు రాట్నముపై వడుకుదురు. చింతగింజలను నానబెట్టి, నూఱి, ఉడికించి చేసిన గంజిని వీధి పొడవున సాగదీసిన పడుగునకు కుంచెతో పట్టించి, ఎండలో ఆరనిచ్చి, గుంటమగ్గముపై పురుషులు నేయుదురు. ముతక పోగు చింతగంజితో బిగిసి పలుచని రేకువలె నగును. వానచినుకు దానిపై నిలువక జాఱిపోవును, ఒకవేళ తడిసినను వెచ్చదనము విడువదు. ఇన్ని చేతుల నైపుణ్య మొక్క వస్త్రమున ఇమిడియుండుట చూచినప్పుడు నాకు కలుగు గౌరవము ఇంతింత కాదు.

కాపరికి అది వానలో కొప్పెర, చలిలో దుప్పటి, రాత్రి పరుపు, ఎండలో నీడ, గొఱ్ఱె ఈనినప్పుడు దాని పిల్లను మోసికొనివచ్చు ఊయెల. ఎక్కడ వేసిన గొంగడి అక్కడనే యుండుటయు, గొంగడిలో తినుచు వెండ్రుకలేఱుటయు మన సామెతలలోనికి వచ్చినవి. కురుమల కులదైవమగు బీరప్ప కొలువులలో గొంగడి పఱచి పసుపు బండారి చల్లుదురు. రాజీవ్ రహదారిపై ముందుకు పోయి ప్రక్కకు మరలినచో వచ్చు కొమురవెల్లిలో సంక్రాంతి మొదలు ఉగాది వఱకు సాగు మల్లన్న జాతరలో ఒగ్గు కథకులు కురుమల దేవతలను గానము చేయుదురు.

ఆశ్చర్యకరమైన సామ్యమొకటి పశ్చిమ ఆఫ్రికాలో కలదు. మాలి దేశమున నైగరు నది మాసినా ప్రాంతమున ఫులానీ పశుకాపరుల గొఱ్ఱెల ఉన్నిని స్త్రీలే వడుకగా, మాబూబే అను నేతకులమువారు సన్నని పట్టీలుగా నేసి, వానిని కలిపి కుట్టి, ఖాసా అను కంబళి చేయుదురు. అది చలినుండియు దోమలనుండియు కాపరిని కాపాడును. ఒకరినొకరు ఎఱుగని రెండు దేశములు ఒకే అవసరమునకు ఒకే విధముగ సమాధానము చెప్పినవి.

మన గొంగడిని క్షీణింపజేసినది పానిపట్టు చౌక దుప్పట్లు మాత్రమే కాదు. మాంసపు గిరాకి పెరిగినకొలది ఎత్తరియైన నెల్లూరు గొఱ్ఱె దక్కనీ స్థానము నాక్రమించెను. దాని మేన వెండ్రుకలే గాని వడుకదగిన ఉన్ని లేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము 20 గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన పథకము కాపరుల కుటుంబములకు మేలు తలపెట్టినదే. ఇట్టి పథకములలో మంద యెంత పెరుగునని అడిగినప్పుడే, ఆ మంద ఉన్ని నిచ్చునా యనియు అడుగవలెను. దక్కనీ జాతిని పెంచువారికి ప్రత్యేకమైన సాయమును, వారి ఉన్నికి న్యాయమైన ధరను ప్రభుత్వము కల్పించుగాక. పాఠకులు సైతము చలికాలమున ఒక దుప్పటి కొనదలచినచో, నేరుగా నేతగాని యింట ఒక గొంగడి కొనుడు.