రంభలో దిగండి

బరంపురంలో ఉత్తరానికి పోయే బస్సెక్కి కుడివైపు కిటికీ పట్టుకోండి. ఛత్రపురం దాటాక ఋషికుల్య మీద వంతెన, అవతలి గట్టున గంజాం. జిల్లాకు పేరిచ్చిన ఊరు రెండు నిమిషాల్లో వెనక్కి జారిపోతుంది. కుంఫిణీవాళ్లు 1768లో కట్టిన కోట శిథిలాలు ఇక్కడే ఉన్నాయి. 1815లో విషజ్వరాలకు జనం రాలిపోతే దొరలు కచేరీలు ఎత్తేసి దక్షిణానికి తరలిపోయారు.

హుమ్మా దగ్గర ఉప్పుమళ్లు. గట్ల మీద పోగేసిన ఉప్పు కళ్లు చికిలించేంత తెల్లగా ఉంటుంది. కాసేపటికి కండక్టరు “రంభ, రంభ” అని కేకేస్తాడు.

దిగి ఒడ్డుకు నడవండి. ఎదురుగా చిలికా. నీళ్లకేసి తిరిగిన స్తంభాల వరండాతో తెల్లటి మేడ. గంజాం కలెక్టరు థామస్ స్నాడ్‌గ్రాస్ 1790ల మొదట్లో కట్టించాడు. సరస్సు మధ్య బండ మీద కనిపించే దీపస్తంభం, దాని పక్క గది కూడా ఆయనవే. తర్వాత కుంఫిణీ పింఛను ఆపేస్తే, లండన్లో వాళ్ల ఆఫీసు ముందే చీపురు పట్టి వీధి ఊడ్చి, వాళ్లను సిగ్గుపరచి సాధించుకున్నాడని చెబుతారు.

చెన్నపట్నం ఏలుబడికి అప్పట్లో ఈ ప్రాంతమే ఉత్తరపు కొస. పూరీ యాత్రికులు సత్రాల్లో మజిలీలు చేస్తూ ఈ దారినే నడిచారు. 1831లో కాశీ నుంచి తిరిగొస్తూ ఏనుగుల వీరాస్వామయ్య గారు జగన్నాథం చూసుకుని గంజాం మీదుగానే దక్షిణానికి దిగారు. 1890ల్లో రైలొచ్చాక ఆ నడక దాదాపు ఆగిపోయింది.

మేడ ఖల్లికోట రాజుల చేతికొచ్చింది. వరండాలో కాసేపు నిలబడండి. ఒడియా మాట్లాడేవాళ్లంతా ఒక్క పాలన కిందికి రావాలన్న తలంపు రాజా హరిహర మర్దరాజు హయాంలో ఇక్కడ ఊపిరి పోసుకుంది. 1903లో బరంపురంలో సభ, ఆ ఏడాది చివర కటకంలో ఉత్కళ సమ్మిళని. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడి, బరంపురం అటు వెళ్లింది. శ్రీకాకుళం ఇటు మిగిలింది. వి.వి.గిరి పుట్టిన ఊరు, మన దేవాంగుల పట్టుమగ్గాల ఊరు మనకు పొరుగు రాష్ట్రమైపోయింది. ఒడియావారి కోరిక న్యాయమైనదే. అయినా బరంపురం వీధుల్లో తెలుగు వినిపించినప్పుడల్లా నాకు గుండె పట్టేస్తుంది.

ఇప్పుడు ఈ మేడ హోటలు. డబ్బు కట్టి ఎవరైనా బస చేయొచ్చు. వరండాలో ఒక పలక పెట్టి, ఈ కథంతా ఒడియాలోనూ తెలుగులోనూ రాయించాలని నా కోరిక.