పనిముట్టు పిడి ఎవరి కొలత?

దొర్నిపాడు నేడు నంద్యాల జిల్లాలో ఉంది. 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. 1800లో నిజాం ఇంగ్లీషువారికి ధారాదత్తం చేసిన దత్తమండలాలలో ఈ సీమ ఒక భాగం. ఏలికలు మారిన తేదీలు పిల్లలకు పాఠంగా చెబుతున్నాం. ఇక్కడి నల్లరేగడిని లొంగదీసిన పనిముట్ల చరిత్రను మాత్రం పట్టించుకోలేదు.

రేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే బంకలా అంటుకుంటుంది. అందుకే ఇక్కడి మెట్టసేద్యానికి గుంటక, గొర్రు ఆయువుపట్టు. గుంటక పాస పైమట్టిని కోసి, కలుపును తెంచి, అడుగు తేమను నిలుపుతుంది. కానీ లోతుగా వేళ్ళు పారిన గరికకు గుంటక చాలదు, పెద్ద మడక కావాలి. దాన్ని లాగడానికి అనేక జతల ఎద్దులు కావాలి. ఒంటికాడి రైతు ఇరుగుపొరుగు ఎద్దులను బదులడగాలి, లేదా పొలాన్ని బీడు పెట్టుకోవాలి. అంటే పనిముట్టు ఎంపికను మట్టితోబాటు ఆస్తి కూడా శాసించింది.

వాటి సంరక్షణ ఆయగాండ్ర చేతిలో ఉండేది. కమ్మరి కర్రు కాల్చి సాగగొట్టాడు, కొడవలికి కక్కు పెట్టాడు. వడ్రంగి తుమ్మకర్రతో మేడి, కాడి చెక్కాడు. ఏడాది చాకిరికి కూలి కళ్ళంలో కొలిచిన గింజలే. పంట పోతే ఆ గింజలూ లేవు. ట్రాక్టరు వచ్చాక కొలిమి చల్లారింది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం సేద్యగాళ్ళ మాటలకు గౌరవం తెచ్చింది. మాట దొరికాక, ఆ పనిముట్టు పట్టిన మనిషి గురించి అడగవలసింది మనమే.

కలుపు తీసే కూలి స్త్రీని చూడండి. ఆమె చేతి తొలికకు పిడి జానెడు. పొద్దు వాలేదాకా వంగి, గొంతుకూర్చుని పని. ఇది అనాదిగా వస్తున్న అలవాటేనని సరిపెట్టుకుంటాం. అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ పొట్టిపిడి పారతోనే పని బాగా సాగుతుందని భూస్వాములు వాదించారు. ఆ పారతో పనిచేసే కూలీ నడుమెత్తితే మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. కూలీల నడుములు విరుగుతున్నాయని వైద్యులు సాక్ష్యమిచ్చారు, కూలీలు పోరాడారు, 1975లో ఆ పారను అక్కడ నిషేధించారు.

పనిముట్టును ఎన్నుకునే సూత్రాలు కష్టమైనవి కావు. పిడి పట్టేవారి ఎత్తుకు తగి ఉండాలి. కర్ర ముడులు లేకుండా బాగా ఆరి ఉండాలి. పని ముగిశాక మట్టి కడిగి, తుడిచి, ఇనుముకు నూనె రాయాలి. మొద్దుబారకముందే సాన పట్టాలి. ఇవన్నీ పనిచేసేవారికి తెలుసు. తెలిసినవారికి ఎంపిక హక్కు లేకపోవడమే మన పనిముట్ల చరిత్ర. రేపు మన ఊరి చరిత్ర రాయబోయేవారు మొదట ఆ తొలిక పట్టిన స్త్రీని అడగాలి: ఈ పిడి ఎవరి కొలత?