రిమోట్ హెలికాప్టర్ నేర్చుకోవాలంటే ముందు బ్లేడు గురించి తెలియాలి

గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన మామూ సూట్‌కేసులోంచి తీసిన చిన్న రిమోట్ హెలికాప్టర్ చాలా ఇళ్లలో చూసిందే. దానికి ఒకదానిపై ఒకటి రెండు ఫ్యాన్లుంటాయి. అవి వ్యతిరేక దిశల్లో తిరుగుతాయి కాబట్టి బొమ్మ దానంతటదే నిలకడగా ఉంటుంది, తగిలినా పెద్ద గాయం కాదు. అబ్బాయి బాగా ఎగరేస్తున్నాడు కదా అని హాబీ షాపు నుంచి పెద్ద మోడల్ కొనిచ్చినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. పేరు ఒకటే, వస్తువు వేరు.

హాబీ మోడళ్లలో '450 క్లాస్' అంటే చిన్న సైజే. అయినా దాని ఒక్కో బ్లేడు సుమారు 325 మిల్లీమీటర్లు, ఎక్కువగా కార్బన్ ఫైబర్‌ది. నిమిషానికి 2,500 సార్లు తిరిగితే బ్లేడు కొన వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. 700 క్లాస్‌లో ఒక్కో బ్లేడే 70 సెంటీమీటర్లు ఉంటుంది. 2013 సెప్టెంబరులో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక పార్కులో 19 ఏళ్ల యువకుడు తన మోడల్ హెలికాప్టర్ బ్లేడు తలకు తగిలి చనిపోయాడు. అతను కొత్తగా నేర్చుకుంటున్నవాడు కాదు, అనుభవం ఉన్నవాడే.

కాబట్టి మొదటి నెల మైదానంలో కాదు, కంప్యూటర్ ముందు గడపాలి. రియల్‌ఫ్లైట్ లాంటి సిమ్యులేటర్‌లో ఎన్నిసార్లు కూలినా రూపాయి పోదు. అదే మైదానంలో ఒక్కసారి కూలితే బ్లేడ్లు, మెయిన్ షాఫ్ట్, తోక గొట్టం అన్నీ కలిపి బిల్లవుతుంది. ఖర్చు లెక్క చూసుకున్నా సిమ్యులేటరే చవక.

ఇంత సాధన ఎందుకంటే, హెలికాప్టర్ తోక మనవైపు ఉన్నంతసేపు కుడి అంటే కుడే. ముక్కు మనవైపు తిరగగానే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ క్షణంలో చెయ్యి ఆలోచించకుండా సరైన వైపు కదలాలి. అందుకే మొదట తోక మనవైపు ఉంచి గాల్లో ఒకేచోట నిలపడం, తర్వాత పక్కకు తిప్పి నిలపడం, చివరికి ముక్కు మనవైపు పెట్టి నిలపడం. దీన్నే హోవర్ అంటారు. ఒకటి బాగా రాకుండా ఇంకోదానికి పోవద్దు. నేలకు మరీ దగ్గరగా ఉంటే బ్లేడ్ల గాలి కిందికి కొట్టి తిరిగొచ్చి మోడల్‌ను ఊపేస్తుంది. కాస్త పైకి లేపితేనే కుదురుగా ఉంటుంది. కింద నాలుగు చివర్లా బంతులున్న ట్రైనింగ్ కర్రలు కడితే ఒరిగిపోయే ప్రమాదం తగ్గుతుంది.

మైదానంలో ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యాలి, తర్వాతే హెలికాప్టర్ బ్యాటరీ తగిలించాలి. తీసేటప్పుడు దీనికి రివర్స్. 'థ్రాటిల్ హోల్డ్' అనే స్విచ్ మోటారును ఆపేస్తుంది. మోడల్ దగ్గరికి వెళ్లేటప్పుడల్లా అది వేసే ఉండాలి. మోడల్‌ను కనీసం పది మీటర్ల దూరం పెట్టి, చూసేవాళ్లందరినీ పైలట్ వెనక నిలబెట్టాలి. దిగాక బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యకూడదు.

అదుపు తప్పితే కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే, చివరిదాకా కాపాడాలని చూడటం. కూలుతుందని తెలియగానే హోల్డ్ స్విచ్ కొట్టాలి. తిరగని బ్లేడు అంత లోతుగా కొయ్యదు, విరిగే సామానూ తగ్గుతుంది. ఈ అలవాటు కూడా సిమ్యులేటర్‌లోనే చేసుకోవాలి. భయంలో కొత్త స్విచ్ గుర్తుకు రాదు.

చోటు విషయానికొస్తే మేడ మీద, గల్లీలో, పిల్లలు క్రికెట్ ఆడే గ్రౌండులో అసలు వద్దు. మన దేశంలో 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయి. డిజిటల్ స్కై మ్యాపులో రెడ్, ఎల్లో, గ్రీన్ జోన్లు కనిపిస్తాయి. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి కాబట్టి ఖాళీ స్థలం దొరికిందని ఎగరేస్తే కుదరదు, మ్యాపు చూసే వెళ్లాలి.

ఇక ఇంట్లో ప్రమాదం లిపో బ్యాటరీతో. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. ఉబ్బినది, కూలినప్పుడు నొక్కుకుపోయినది మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. ఆ బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం. మంచం పక్కనో సోఫా మీదో కాకుండా గచ్చు మీద, మనిషి మేలుకుని ఉన్నప్పుడే ఛార్జ్ చెయ్యాలి.